దేవునిగూటికి అవతల మా అక్క

మా అక్క పోయింది. తోడబుట్టిన అక్క కాదు, మా బావగారి భార్య, నాకు తోటికోడలు. ఈ కార్తీకంలో, ఒక సోమవారం తెల్లవారి, ముత్తైదువగా కన్ను మూసింది. పెనుకొండ కోటలో మాకున్న పాత బంగళాలో తూర్పు భాగం వాళ్ళది, పడమటి భాగం మాది. మధ్యలో గోడ.

నేను కలం పట్టే మనిషిని కాను. హిందూపురంలో స్కూలు ఫైనలు దాకా చదివించారు గాని, పెళ్ళయిన తరువాత నేను రాసిందల్లా పుట్టింటికి కార్డు ముక్కలు, శనివారాల్లో రామకోటి. ఇప్పుడు రాయవలసి వచ్చింది. అక్క పెద్దకర్మ అయిన తరువాత, పాత కట్టడాలు చూసే శాఖ నుంచి ఒక ఆఫీసరు వచ్చారు. కోటలో ఉన్న ఇళ్ళ చరిత్ర రాసుకుంటున్నారట. మా ఆయన వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇల్లు కట్టించిన దొర సంగతి, రాయి ఎక్కడిది, కొయ్య ఎక్కడిది, అంతా చెప్పారు. చివరికి ఆఫీసరు, ఈ ఇంట్లో చెప్పుకోదగిన మనుషులెవరైనా ఉండేవారా అని అడిగారు.

మా ఆయన కాసేపు ఆలోచించి, "ఎవురుండారు సార్, మేమంతా సేద్యం చేసుకునేటోళ్ళం" అన్నారు.

నేను తలుపు చాటున నిలబడి విన్నాను. ఆయన తప్పుగా ఏమీ చెప్పలేదు. కానీ ఆ పుస్తకంలో రాళ్ళు ఎక్కాయి, కొయ్యలు ఎక్కాయి, అక్క ఎక్కలేదు. అందుకని రాస్తున్నాను. ఆమె పేరు నేను కూడా రాయను. పెద్దవాళ్ళ పేరు పెట్టి పిలిచిన నోరు కాదు నాది, చెయ్యి కూడా అంతే. మా ఇంటి ఆడపిల్లలు, రేపు రాబోయే కోడళ్ళు చదువుకుంటే చాలు.

ఇల్లు తెల్లదొరల రాణిగారి కాలం నాటిది. ఈ పక్కన రైలు దారి వేసేటప్పుడు పని చూడవచ్చిన దొర ఒకాయన కట్టించుకున్నాడట. తలుపుల పైన రంగు అద్దాలు, పచ్చరంగు రెక్కల కిటికీలు, ఏనుగు నిలబడినా తగలనంత ఎత్తు మిద్దె. పని ముగిసి దొర వెళ్ళిపోయాక చాలాకాలం గబ్బిలాలే కాపురం చేశాయి. మా మామగారి నాయన కొన్నప్పుడు, దొర అక్కడ ఏమేమి వండుకుని తిన్నాడో అని చుట్టాలు గృహప్రవేశానికి వచ్చి కూడా భోజనానికి కూర్చోలేదట. ఆవును తెస్తే, నున్నటి బండల మీద కాలు జారి అది కూడా లోపలికి రానన్నదట.

నడిమింట్లో గోడకు అటొకటి ఇటొకటి రెండు గూళ్ళు ఉన్నాయి. చుట్టూ నల్లరాతి అంచు, లోపల పైకి పోయే గొట్టం. రెండు గొట్టాలూ పైన కలిసి మిద్దె మీద ఒకటిగా బయటపడతాయి. అప్పటి పెద్దవ్వ ఆ గూళ్ళను చూసి, "దొరయినా ఎంత భక్తిపరుడో సూడండి. దేవునికి గూడు కట్టించి, సాంబ్రాణి పొగ పోయేకి దారి కూడా పెట్టినాడు" అన్నదట. ఎవరూ కాదనలేదు. ఒక గూట్లో కదిరి నరసింహస్వామి పటం పెట్టింది. అవతలి గూట్లో లక్ష్మమ్మను పెట్టింది. అప్పటినుంచి మా ఇంట్లో వాటిని దేవునిగూళ్ళనే అంటాము.

నేను కాపురానికి వచ్చేసరికి అక్క అప్పటికే ఈ ఇంట్లో పాతబడింది. ఆమెది ధర్మవరం. పుట్టిల్లు మగ్గాల వీధి పక్కనే. మగ్గం చప్పుడు వింటూ నిద్రపోయేదట, చప్పుడు ఆగితే మెలకువ వచ్చేదట. అందుకేనేమో ఆమెకు చెవి గొప్పది. నేను వంటింట్లో ఉంటే, వసారాలో కూర్చుని నా గాజుల చప్పుడు బట్టే, "చింతపండు ఎక్కువ పిసుకుతాండావు, చాలు" అనేది. వచ్చిన కొత్తలో నాకు భయంగా ఉండేది. తరువాత అదే ధైర్యమయింది. అత్తగారు అప్పటికే లేరు. దీపం ఎట్లా పెట్టాలో, మడి ఎట్లా కట్టాలో, మా ఆయనకు కోపం వచ్చినప్పుడు ఎంతసేపు ఊరుకోవాలో, అన్నీ ఆమె నేర్పినవే. "దేవుని ముందర కూసున్నప్పుడు తొందరపడగూడదమ్మే. ఆయనకేం పనుండాది, మనకు మాత్రం ఏం పనుండాది" అనేది. ఆమెకు బిడ్డలు కలగలేదు. నా కూతురు పుట్టినప్పుడు మొదటి నీళ్ళు ఆమె పోసింది.

కర్నూలు రాజధాని అయిన ఏడు అన్నదమ్ములు విడిపోయారు. చేలో బావి దగ్గర కపిల తోలే వంతు మీద మొదలయింది. ఎద్దులు కట్టి నీళ్ళు తోడుకోవడానికి ఈ పొద్దు నాది అంటే నాది అని. ఆ ఏడు వానలు లేవు, వేరుశనగ ఎండిపోతోంది, ఇద్దరి మనసులూ ఎండిపోయి ఉన్నాయి. పెద్దమనుషులు వచ్చి పొలం పంచారు, ఇల్లు పంచారు. వసారా నడుమ గోడ లేచింది. స్వామి మా భాగంలోకి వచ్చాడు, అమ్మవారు వాళ్ళ భాగంలోకి పోయింది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆఖరి రోజు మాటా మాటా పెరిగి, బావగారు స్వామి ముందర కర్పూరం వెలిగించారు. ఒకరి గడప ఒకరు తొక్కబోమని, ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకు ఒకరి మొగం ఒకరు చూడబోమని అన్నదమ్ములిద్దరూ ప్రమాణం చేసి చేత్తో ఆర్పారు. ఆడవాళ్ళు చేయకపోతే ప్రమాణం నిలవదని ఎవరో అన్నారు. అక్క ముందుకొచ్చి కర్పూరం ఆర్పింది. తరువాత నేను. చెయ్యి కాలిందా అని అక్క నా అరచేతి వైపు చూసింది. ఆమె ప్రాణంతో ఉండగా ఆ మొగం చూడడం అదే ఆఖరు.

చదివేవాళ్ళకు ఇది చిన్న సంగతి అనిపించవచ్చు. కదిరి స్వామి ముందర ఆర్పిన కర్పూరం మాకు చిన్న సంగతి కాదు. తప్పితే మనకు కాదు, మనవాళ్ళకు తగులుతుందని నమ్మిన ఇల్లు మాది. ఇప్పటికీ నమ్ముతాను.

గోడ లేచిన కొన్నాళ్ళకు, సాయంత్రం దీపం పెట్టి గూటి ముందర కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు. అప్పుడు గూట్లో నుంచి మెల్లగా ఒక ఆడగొంతు వచ్చింది.

"ఎందుకమ్మే ఏడుస్తాండావు?"

అమ్మవారే పలికిందనుకున్నాను. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. రెండు చేతులూ జోడించి, "తల్లీ, మా అక్కను నాకు ఇయ్యి" అన్నాను.

"నేనే లేమ్మే. ముక్కు తుడుసుకో. ఆడ స్వామి ఉండాడు, సూస్తాండాడు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెంటనే భయమూ వచ్చింది. "ప్రమాణం తప్పినట్టు కాదా అక్కా?"

ఆమె కూడా అప్పటికే ఆ సంగతి చాలాసార్లు ఆలోచించి ఉంటుంది. "మొగం సూడనన్నాం, గడప తొక్కనన్నాం. ఆ రెండూ నిలబెడదాం. మాట సంగతి స్వామి మనల్ని అడగలేదు. అడగనిదాన్ని మనమెందుకు ఇయ్యల్ల?" అంది.

ఆ పొద్దునుంచి రోజూ దీపాల వేళ అటువైపు ఆమె, ఇటువైపు నేను. చూసినవాళ్ళకు ఇద్దరం పూజలో ఉన్నట్టే కనిపించేది. పూజ కాదని కూడా చెప్పలేను. ముందు ఆమె అటునుంచి లక్ష్మి అష్టోత్తరం చదివేది, నేను ఇటునుంచి స్వామివారిది. ఆ తరువాత సంసారం. ఎవరింట్లో ఏం వండారు, బర్రె ఎప్పుడు ఈనుతుంది, మా ఆయన దగ్గు తగ్గిందా, బావగారికి మళ్ళీ మోకాళ్ళ నొప్పులా. ఒకసారి నేను చారు పొయ్యి మీద పెట్టి వచ్చి కబుర్లలో పడితే, "లెయ్, నీ చారు మాడుతాండాది, వాసన నా గూట్లోకి వచ్చింది" అని తరిమింది. "మన ఇల్లు పంచినారు గాని పొగను పంచలేకపోయినారు సూడు" అని నవ్వింది.

పిల్లలకు ప్రమాణం లేదు. నా కూతురు ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగేది. అక్క దానికి తల దువ్వి, కనకాంబరాలు పెట్టి పంపేది. ఒకరోజు గూట్లో నుంచి, "నీ బిడ్డ గడ్డం దగ్గిర అచ్చు నీ మాదిరే ఉండాదిమే. దాన్ని సూసి నిన్ను గుర్తు పెట్టుకుంటాండా" అంది. నాకు ఆ వరం కూడా లేదు. ఆమెను గుర్తు పెట్టుకోవడానికి ఆమె కన్న బిడ్డ లేదు.

వీధిలో ఎదురైతే నేను గోడ వైపు తిరిగేదాన్ని, లేదంటే ఆమె తిరిగేది. గుడికి వాళ్ళు ముందు పోతే మేము వెనక. హిందూపురంలో మా వాళ్ళ పెళ్ళికి ఇద్దరం పోవలసి వచ్చింది. భోజనాల దగ్గర బంతులు వీపుకు వీపు ఆనించి వేశారు. నా వెనక కూర్చున్నది ఎవరో గాజుల చప్పుడు బట్టే తెలిసింది. గూటి దగ్గర కూర్చుని కూర్చుని ఆమె చెవి నాకూ వచ్చినట్టుంది. ఇద్దరం తల తిప్పలేదు. కొంతసేపటికి ఒక చెయ్యి వెనక్కు వచ్చి, నా ఆకులో ఓళిగ పెట్టి పోయింది. నాకు ఓళిగ అంటే ఇష్టమని ఆమెకు తెలుసు. పక్కనున్న హిందూపురం పిన్నమ్మ చూసి, "ఏమ్మా, వాదాలు పడినోళ్ళు ఓళిగలు పెట్టుకుంటారా?" అని ఎగతాళి చేసింది. వెనకనుంచి అక్క, "నాకు తీపి పడదు పిన్నమ్మా, యాడ పారేయల్ల?" అంది.

ఒక ఏడు వానకు పొగగొట్టం పక్కన మిద్దె కారింది. అన్నదమ్ములు ఎన్నడూ ఒక మాట మీదికి రానివాళ్ళు, మధ్యవర్తి ద్వారా ఈ ఒక్క మాట మీదికి వచ్చారు. గొట్టం పడగొట్టి, గూళ్ళు రెండూ గట్టిగా రాతితో మూసేస్తే కారడం ఆగుతుందని. తాపీపని బేల్దారి వచ్చి కొలతలు వేసుకుని పోయాడు. ఆ సాయంత్రం ఇద్దరం అష్టోత్తరం చదవలేకపోయాము.

"మూసేస్తే ఎట్లక్కా?"

"మూసినా ఆడ నువ్వుండావని నాకు తెలుసు గదమ్మే" అంది.

ఎవరి పుణ్యమో, అదే వారం శాఖవాళ్ళు వచ్చారు. కోట గోడల లోపల పాత కట్టడం దేనినీ పడగొట్టరాదు, మూయరాదు, మార్చరాదు అని కాగితం అంటించారు. మగవాళ్ళిద్దరూ, ఎవరి వసారాలో వాళ్ళు, సర్కారును తిట్టారు. ఆ సాయంత్రం మేము అటొక కొబ్బరికాయ, ఇటొక కొబ్బరికాయ కొట్టాము. సర్కారు కాగితానికి మొక్కు చెల్లించినవాళ్ళు ఈ పెనుకొండలో మేమిద్దరమే అయి ఉంటాము.

ఆ వచ్చినవాళ్ళలో ఒకాయన గూళ్ళు చూసి, ఇది దేవుడికి కట్టింది కాదు, చలికి కట్టెలు మండించుకునే పొయ్యి, దొరల దేశంలో ప్రతి ఇంట్లో ఉంటుంది అని చెప్పాడు. నాకు మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళు స్వామిని పొయ్యిలో కూర్చోబెట్టామా అని. అక్కతో చెబితే, గొట్టం ప్రతిధ్వనించేటట్టు నవ్వింది. "ఈ పెనుకొండ ఎండలో చలి మంట వేసుకున్యాడా ఆ దొర? పిచ్చోడు. మన అవ్వే నయం, ఆమెకు తెలిసిందే సరి" అంది. తరువాత మెల్లగా, "ఆ మనిషి తన ఊరు మర్చిపోలేక కట్టుకున్యాడేమోలే పాపం" అంది. ఎవరినీ పూర్తిగా ఎగతాళి చేయలేని మనిషి.

నా కూతురు పెళ్ళయి హిందూపురం వెళ్ళిపోయిన తరువాత, ఇద్దరికీ గూడు ఒక్కటే మిగిలింది. కిందటేడు నుంచి అక్కకు ఆయాసం మొదలయింది. హిందూపురంలో డాక్టరుకు చూపించారు, ఉబ్బసమన్నారు, గుండె అన్నారు. అష్టోత్తరంలో నామానికీ నామానికీ మధ్య ఊపిరి తీసుకునే చప్పుడు నాకు వినిపించేది. తరువాత నామాలు ఆమె విడిచిపెట్టింది, నేనే రెండు వైపులవీ చదివేదాన్ని. కూర్చోలేకపోతున్నప్పుడు, "మీ బావ నా మంచం ఈడ గూటి పక్కన తెచ్చి ఏసినాడు. అమ్మవారు కనపడల్లంట" అని చెప్పింది.

నేను మా ఆయన కాళ్ళు పట్టుకున్నాను. కదిరికి పోయి తప్పుకానుక వేసి, స్వామిని క్షమించమని అడిగి వద్దామన్నాను. ఆయన తల వంచుకుని, "అన్న కూడా రావల్ల గదా. ప్రమాణం చేసినోళ్ళందరూ పోవల్ల. అన్న అడిగితే నేను ఈ పొద్దే పోతా" అన్నారు. మధ్యవర్తి చేత అడిగించాము. బావగారు వినగానే లేచి చేనికి పోయారట.

ఆ సాయంత్రం గూట్లో తలపెట్టి, "నేను వచ్చేస్తాండా అక్కా. ఏమైనా కానీ" అన్నాను.

"వద్దు."

"నిన్ను సూడకుండా ఎట్లుండల్ల నేను?"

"విను. నేను పోయేదాన్ని, నాకేమీ కాదు. నీకు బిడ్డ ఉండాది. దాని కడుపులో బిడ్డ ఉండాది. రేపు వాళ్ళకేమన్నా అయితే, అక్కను సూసినందుకేనని నువ్వు బతికినన్నాళ్ళూ అనుకుంటావు. నన్ను తిట్టుకోవు, నాకు తెలుసు. నిన్నే తిట్టుకుంటావు." ఊపిరి కోసం ఆగింది. "ప్రాణం ఉండేదాకనే గదా మనం చెప్పింది. అది పోతానే రా. నా మొగానికి పసుపు నువ్వే పూయల్ల. ఇంగెవురినీ పూయనీయొద్దు."

చూడాలని ఎన్నేళ్ళు మొక్కుకున్నానో ఆ మొగం, ఆమె పోతేగాని నాకు కనపడదు. స్వామి ముందర కూర్చుని, ఆమెను చూపించమని ఇక అడగలేకపోయాను. అడిగితే ఏం అడిగినట్టు?

సోమవారం తెల్లవారి గూటి ముందర ముగ్గు వేస్తున్నాను. గూట్లో నుంచి మగగొంతు వచ్చింది. ఆ గొంతు నేను విని ఎంత కాలమయిందో.

"అమ్మా. మీ అక్క పోయింది. నిన్ను రమ్మనింది."

బావగారికి తెలుసు. మొదటినుంచీ తెలుసో, ఎప్పుడు తెలిసిందో నేను అడగలేదు, అడగను.

నేను ఆ గడప తొక్కేసరికి ఆయన వసారాలో గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నారు. ఆయనకూ నాకూ మొగం చూడని ప్రమాణం ఇంకా ఉంది; గడప మాట మాత్రం అక్క ప్రాణంతోనే తీరిందనుకున్నాను. లోపల అక్క గూటి పక్కన మంచం మీద ఉంది. నేను ఆమెను గుర్తు పట్టలేదు. నా మనసులో ఉన్నది కర్పూరం ఆర్పిన నాటి మొగం, నిండు చెంపలు, నల్లటి జుట్టు. ఇక్కడ తల నెరిసిన ఒక ముసలామె, చెంపలు లోపలికి పోయి. రోజూ విన్న గొంతు ఏనాడూ ముసలిది కాలేదు. ఆ గొంతు ఉన్న మొగం ఇదేనని నమ్మడానికి నాకు కొంతసేపు పట్టింది. పసుపు పూశాను. బొట్టు పెట్టాను. ఆమె చెప్పినట్టు ఇంకెవరినీ పూయనివ్వలేదు.

పాడె మోసేటప్పుడు బావగారు ముందు పట్టారు, మా ఆయన వెనక పట్టారు. ముందున్నవాడు తిరిగి చూడడు, వెనకున్నవాడు తల ఎత్తలేదు. అట్లా అన్నదమ్ములిద్దరూ ఆమెను మోసుకుని పోయారు.

మైల దినాల్లో రెండు గూళ్ళలోనూ దీపం లేదు. ఎంత వాదాలు పడినా మైల మాత్రం ఇద్దరిదీ. పెద్దకర్మ ముందురోజు ఇల్లు శుద్ధి చేయడానికి వాళ్ళ భాగంలో సున్నం కొట్టే మనిషి వచ్చాడు. నేను ఇవతల గూటి దగ్గర ఊరికే కూర్చుని ఉన్నాను. కుంచె గోడ మీద పోతూ వస్తూ ఉన్న చప్పుడు వినిపిస్తోంది. అది గూటి దాకా వచ్చి ఆగింది.

"ఈడ నూనె జిడ్డు పట్టిండాది సామీ. తల ఆనించి ఆనించి నల్లగయింది. సున్నం నిలబడదు. సబ్బు పెట్టి గీకల్ల."

బావగారు అక్కడికి నడిచి వచ్చిన చప్పుడు వినిపించింది.

"ఆడ ఒదిలెయ్ అప్పా."

"తెల్లగోడలో మచ్చ మాదిరి అగుపడతాది సామీ, బాగుండదు."

"అగుపడనీ."

కుంచె ఆ చోటును దాటి అవతలికి పోయింది.

పసుపు పూసిన రోజు ఆ మచ్చను నేనూ చూశాను. గూటి రాతికి పక్కన, కూర్చున్న మనిషి తల ఎత్తున, అరచేయంత. మా వైపు గోడకు కూడా అదే ఎత్తున ఒకటి ఉందని ఆ రోజే గమనించాను.

ఈ కాగితాలు నా ట్రంకుపెట్టెలో, పెళ్ళిచీర కింద పెడతాను. నా తరువాత వచ్చేవాళ్ళు పారేయకుండా ఉంచండి, బయటివాళ్ళకు మాత్రం చూపించకండి. శాఖవాళ్ళు మళ్ళీ వచ్చి, ఇంత తెల్లని గోడలో ఆ కాస్త చోటుకు సున్నం ఎందుకు కొట్టలేదని అడిగితే, తెలియదని చెప్పండి. దాని మీద సున్నం మాత్రం పడనీయకండి.